కనబడని నొప్పికి రాతకోతలు: ఎండోమెట్రియోసిస్‌తో బతుకుతున్న అమ్మాయిలకు

నెలసరి రోజుల్లో కాస్త నడుము పట్టేయడం, పొత్తికడుపులో నొప్పి రావడం చాలామందికి అనుభవమే. అందుకే ఒక అమ్మాయి మంచం దిగలేక ముడుచుకుపోయినప్పుడు కూడా ఇంట్లో పెద్దవాళ్లు "మాకు రాలేదా ఏమిటి, పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అని తేల్చేస్తారు. వారి మాటలో దురుద్దేశం ఉండదు. తమకు తెలిసిన నొప్పితో కొలిచి చెబుతారు. అయితే ఆ కొలతకు అందని జబ్బు ఒకటి ఉంది. గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయానికి వెలుపల, అంటే అండాశయాల మీద, పొత్తికడుపు లోపలి గోడల మీద, పేగుల మీద, మూత్రాశయం మీద పెరిగి, నెలనెలా హార్మోన్ల ఎగుడుదిగుళ్లకు స్పందిస్తూ వాపునూ, అవయవాలను ఒకదానికొకటి అంటుకునేలా చేసే అతుకులనూ కలిగిస్తుంది. దీనినే ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న బాలికలలో, స్త్రీలలో సుమారు 10 శాతం మందికి, అంటే ప్రపంచం మొత్తం మీద దాదాపు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది.

అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1920లలోనే దీనికి ఈ పేరు పెట్టి, నెలసరి రక్తంలో కొంత ఫెలోపియన్ నాళాల (అండాశయాల వైపు నుంచి గర్భాశయానికి వచ్చే గొట్టాల) గుండా వెనక్కి పారి పొత్తికడుపులో చేరడమే కారణమని ప్రతిపాదించాడు. అలా వెనక్కి పారడం చాలామంది ఆడవాళ్లలో జరిగేదే కాబట్టి, కొందరిలోనే అది జబ్బుగా ఎందుకు మారుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. "చిన్నప్పుడు పుల్లటివి తెగ తినేది", "రాత్రిళ్లు మేలుకునేది", "పెద్దమనిషి అయినప్పుడు చిమ్మిలి సరిగా తినలేదు" వంటి నిందలు మోస్తున్నవారు వాటిని ఇక్కడే దించేసి ముందుకు చదవడం మంచిది.

నాకు ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలో మొదలైన నొప్పికి ఒక పేరు దొరికేసరికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లలో నేను ఎక్కువ శ్రమపడింది నొప్పిని భరించడానికి కాదు, అది ఉందని నమ్మించడానికి. హాస్టల్ వార్డెన్‌కు, పక్క గది అమ్మాయికి, పెదనాన్నకు, టీమ్ లీడుకు, ఎవరు అడిగితే వారికి మొదటి నుంచి చెప్పుకొచ్చేదాన్ని. ఇప్పుడు ఆ పని మానేశాను. నలుగురైదుగురికి మాత్రం, ఎవరికి ఏది అవసరమో అది, వీలైనంత వరకు రాతపూర్వకంగా చెబుతాను. మిగిలినవారికి "ఒంట్లో బాగాలేదు" అన్న ఒక్క మాట సరిపోతుంది. ఈ వ్యాసంలో రాసినదంతా ఆ రాతకోతలు ఎలా పెట్టుకోవాలన్న దాని గురించే.

నొప్పిని తెలుగులో రాయండి

ఒక చిన్న నోటుపుస్తకం కొనండి. ఫోన్‌లో నెలసరి తేదీలు గుర్తుపెట్టే యాప్‌లు ఉన్నాయి, అవీ పనికొస్తాయి. కానీ అందులో ఉన్న నాలుగు బొమ్మల్లో ఒకదాన్ని నొక్కడం కంటే సొంత మాటల్లో ఒక వాక్యం రాయడం వల్ల ఎక్కువ ఉపయోగం. నొప్పికి తెలుగులో ఉన్నన్ని మాటలు డాక్టరుగారి చీటీలో ఉండవు. పోటు వేరు, సలుపు వేరు, గుంజు వేరు, పీకడం వేరు, మెలిపెట్టడం వేరు, మంట వేరు. మనం గదిలోకి వెళ్లి "కడుపు నొప్పండీ" అంటే వారు "పెయిన్ అబ్డామెన్" అని రాసుకుంటారు, అక్కడితో సగం సమాచారం పోతుంది. అదే "రెండో రోజు మలవిసర్జనకు కూర్చుంటే లోపల కత్తితో కోసినట్టు ఉంటుంది" అంటే వారి తరువాతి ప్రశ్న మారుతుంది, ఎందుకంటే పేగు దగ్గర, గర్భాశయం వెనుక భాగంలో ఏమైనా ఉందేమో చూడాలన్న ఆలోచన వస్తుంది. "మూత్రం పూర్తయ్యే చివరి క్షణంలో పోటు" అన్నా, "నడుము నుంచి కుడి తొడలోకి గుంజుతుంది" అన్నా అంతే.

అంకె కూడా వేయాలి, కానీ పదికి ఎంత అన్నది ఎవరికి వారు నిర్ణయించుకుని మొదటి పేజీలో రాసి పెట్టుకోవాలి. నా పుస్తకంలో 3 అంటే పనిలో పడితే మరిచిపోగలిగే నొప్పి. 5 అంటే పని చేస్తున్నాను కానీ చదివిన వాక్యమే మళ్లీ చదువుతున్నాను. 7 అంటే మాట్లాడుతూ మధ్యలో ఆగిపోవాలి. 9 అంటే స్నానాల గది గచ్చు మీద చెంప ఆనించి పడుకున్నాను. ఇలా పనితో ముడిపెట్టిన అంకెకు ఉన్న విలువ ఉత్త అంకెకు ఉండదు. నొప్పి వచ్చినప్పుడల్లా "పదికి పది" అనేవారి మాట ఎవరూ పట్టించుకోరన్నది కాస్త అన్యాయమే అయినా నిజం.

రాత్రి పడుకునే ముందు రాసే ఒక్క పేరా చాలు. ఉదాహరణకు నా పాత పుస్తకంలోని ఒక రోజు ఇది: "రెండో రోజు. తెల్లవారుజామున 4కి మెలకువ. నడుములో పోటు, కుడి తొడలోకి గుంజు. 8. ఉప్మా రెండు ముద్దలు తిని మాత్ర వేసుకున్నాను, గంటన్నరకు 5కి దిగింది. ప్యాడ్లు ఆరు. టాయిలెట్‌కు వెళ్లాలంటే భయమేసి మధ్యాహ్నం దాకా ఆపుకున్నాను. ఆఫీసుకు పోలేదు." నెలసరి లేని రోజుల్లో కూడా నొప్పి, కడుపు ఉబ్బరం, వదలని నీరసం ఉంటే తప్పకుండా రాయాలి, ఎందుకంటే ఈ జబ్బు నెలకు మూడు రోజులకే పరిమితం కానక్కరలేదు. మూడు నెలల రాత చేతిలో ఉంటే ఆసుపత్రిలో దొరికే ఎనిమిది పది నిమిషాలు వృథా కావు. పుస్తకం మొత్తం డాక్టరు ముందు పెట్టకండి. అందులోంచి ఒక్క పేజీ సారాంశం తీసి, పైన వయసు, నెలసరి మొదలైన ఏడాది, నొప్పి మొదలైన ఏడాది, ఇప్పటిదాకా వాడిన మందులు, చేయించిన పరీక్షలు రాసి ఇవ్వండి.

డాక్టరు గదిలో

అక్కడ మొదటి ప్రశ్న తరచుగా "పెళ్లయిందా?" అని ఉంటుంది. ఇది వినగానే ఒళ్లు మండుతుంది, నిజమే. కానీ దాని వెనుక ఒక పరీక్ష సంగతి ఉందని తెలుసుకోవాలి. ఈ జబ్బును పసిగట్టడానికి యోని మార్గంలో చేసే అల్ట్రాసౌండ్ స్కాన్ ఎక్కువగా ఉపయోగపడుతుంది. పెళ్లికాని అమ్మాయిలకు మన దగ్గర దాన్ని సాధారణంగా చేయరు, నీళ్లు తాగించి పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌తో సరిపెడతారు. పొట్ట మీది స్కాన్‌లో అండాశయంలో ముదురు రక్తం నిండిన పెద్ద తిత్తి, అదే చాక్లెట్ సిస్ట్ అంటారే, అది ఉంటే కనబడవచ్చు. గోడల మీద పల్చగా పరుచుకున్న ఈ కణజాలపు చిన్న చిన్న మచ్చలు కనబడవు. కాబట్టి "స్కాన్ నార్మల్" అన్న కాగితానికి "జబ్బు లేదు" అన్న అర్థం లేదు. ఆ కాగితం పట్టుకుని నేను మూడేళ్లు నన్ను నేనే అనుమానించుకున్నాను. పొట్ట మీది స్కాన్‌లో ఏమీ లేదన్నా నొప్పి అలాగే ఉంటే, ఎమ్మారై అవసరమా అని అడగండి. యోని మార్గంలో స్కాన్ మీకు అభ్యంతరం కాకపోతే ఆ మాట మీరే చెప్పండి. సీఏ-125 అనే రక్తపరీక్ష ఒక్కదానితో ఈ జబ్బును నిర్ధారించడం, లేదని కొట్టిపారేయడం రెండూ కుదరవు.

ఒకప్పుడు లాపరోస్కోపీ, అంటే బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడడం, చేస్తే తప్ప జబ్బు ఉందని చెప్పేవారు కాదు. 2022లో వెలువడిన ఐరోపా వైద్యుల మార్గదర్శకాలు ఈ పద్ధతిని సడలించాయి. లక్షణాలను బట్టి, స్కాన్‌ను బట్టి మందులు మొదలుపెట్టవచ్చు, అవి పనిచేయనప్పుడో స్కాన్‌లో తేలనప్పుడో లాపరోస్కోపీ ఆలోచించవచ్చు. అందువల్ల మొదటిసారి వెళ్లినప్పుడే ఆపరేషన్ తేదీ చెప్పేవారి దగ్గర కాస్త ఆగి ఆలోచించండి. ఆపరేషన్ అవసరమే అయితే అడగవలసినవి ఇవి: మచ్చలను పైపైన కాల్చుతారా, వేరుతో సహా కోసి తీస్తారా; పేగు మీద ఉంటే ఆ పని తెలిసిన సర్జన్ అందుబాటులో ఉంటారా; అండాశయంలో తిత్తిని తీస్తే అండాల నిల్వ ఎంత తగ్గవచ్చు, ఆ నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష ముందుగా చేయిస్తారా; ఆ తరువాత మళ్లీ రాకుండా ఏ మందు ఎన్నాళ్లు వాడాలి. ఆపరేషన్ చేసినా కొన్నేళ్లకు తిరగబెట్టడం ఈ జబ్బులో మామూలే. నాలుగు దశలుగా విభజించి చెప్పే లెక్క కూడా జబ్బు ఎంత దూరం పాకిందన్న దానికే గాని నొప్పికి కొలమానం కాదు. మొదటి దశలో ఉన్నవారు విలవిల్లాడడం, నాలుగో దశలో ఉన్నవారికి తెలియకపోవడం రెండూ ఉన్నాయి.

అమ్మను తోడు తీసుకెళ్లండి, కానీ రెండు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని ముందే నర్సుతో చెప్పండి. మన అమ్మలు ప్రేమకొద్దీ మనకు ముందే జవాబు చెప్పేస్తారు. నేను 8 అన్న నొప్పిని మా అమ్మ "ఏదో కొంచెం అండీ, ఓర్చుకుంటుంది" అని చెప్పింది. పిల్లను గొప్పచేసి చెప్పాననే ఆమె ఉద్దేశం. కలయికలో నొప్పి, మలవిసర్జన సంగతి, మనసు బాగాలేకపోవడం, ఇటువంటివి ఆ రెండు నిమిషాల్లో చెప్పుకోవచ్చు.

గర్భసంచి గురించి ఒక మాట. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. అంటే మన ఊళ్లలో "తీయించేసుకుంటే పీడా పోతుంది" అన్న సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు, ఆ సలహా పాటించిన పిన్నమ్మ ఒకరు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. ఎండోమెట్రియోసిస్ గర్భసంచి బయట ఉండే జబ్బు. గర్భసంచి తీసినా బయట ఉన్న మచ్చలు ఉంటే నొప్పి ఉండవచ్చు. అండాశయాలు కూడా తీసేస్తే చిన్న వయసులోనే మెనోపాజ్ (ముట్లుడిగిన దశ) వచ్చి ఎముకలు, గుండె దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. కొందరికి అది సరైన నిర్ణయమే కావచ్చు, కానీ ఇరవైలలో ఉన్న అమ్మాయి విషయంలో ఎవరైనా ఆ మాట తేలికగా అంటే, లేచి మరొక డాక్టరు దగ్గరకు వెళ్లడంలో తప్పు లేదు.

మందులు, చెడ్డరక్తం, వ్రతం

నొప్పి మాత్రను నొప్పి భరించలేని స్థితికి వచ్చాక వేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. మెఫెనమిక్ యాసిడ్, నాప్రోక్సెన్ వంటి మందులు నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని ఆపుతాయి. అవి తయారై పనిచేయడం మొదలెట్టాక వేసుకున్న మాత్రకు బలం తక్కువ. అందుచేత నొప్పి మొదలవుతున్నట్టు తెలియగానే, ఏదైనా తిని, డాక్టరు చెప్పిన మోతాదులో, చెప్పిన వ్యవధిలో వేసుకోవాలి. కడుపులో పుండు, మూత్రపిండాల సమస్య, ఆస్తమా ఉన్నవారు ముందే చెప్పాలి. మందుల దుకాణంలో చీటీ లేకుండానే దొరికే, మెఫెనమిక్ యాసిడ్ ఉన్న మెఫ్టాల్ స్పాస్‌ను పిప్పరమెంటు బిళ్లల్లా పంచుకునే అలవాటు మన హాస్టళ్లలో ఉంది. మెఫెనమిక్ యాసిడ్ వల్ల అరుదుగా, ఒంటి మీద దద్దుర్లు, జ్వరం, బిళ్లలు కట్టడంతో మొదలై లోపలి అవయవాలకు పాకే తీవ్రమైన అలర్జీ రావచ్చని 2023 నవంబరులో ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరించింది. మందు చెడ్డదని కాదు. ఎన్ని వేసుకుంటున్నారో పుస్తకంలో లెక్క ఉండాలని.

ఎక్కువమందికి అసలు ఊరటనిచ్చేవి హార్మోన్ మందులు. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ మాత్ర, గర్భనిరోధక మాత్రలు, గర్భాశయంలో అమర్చే హార్మోన్ పరికరం, ఇవేవీ జబ్బును నయం చేయవు గాని అణిచి ఉంచుతాయి. డైనోజెస్ట్ మొదలెట్టిన తొలి నెలల్లో వేళాపాళా లేకుండా కొద్దికొద్దిగా రక్తం కనబడడం మామూలు, ఆ దశలో విసుగుతో ఆపేసేవారు ఉంటారు. రోజూ ఒకే సమయానికి వేసుకోవాలి; దాన్ని గర్భనిరోధకంగా నమ్ముకోకూడదు. మనసు కుంగినట్టు అనిపిస్తే అది మీ బలహీనత అనుకోకుండా డాక్టరుకు చెప్పాలి, మందు మార్చవచ్చు. చాలాకాలం వాడేవారు, ముఖ్యంగా ఇరవై లోపు వయసువారు, ఎముకల గట్టితనం గురించి అడగాలి. చూపు ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు ఆ సంగతి చెప్పకుండా ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడకూడదు.

ఈ మందులతో నెలసరి ఆగిపోవచ్చు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది. "నెలనెలా పోవలసిన చెడ్డరక్తం లోపలే ఉండిపోతే ఎట్లాగే?" అని మా నాయనమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. ఆమెకు నేను చెప్పినది ఇది: అది చెడ్డరక్తం కాదు, గర్భాశయం లోపల నెలనెలా కట్టే పొర; మందు ఆ పొరను కట్టనివ్వదు, కట్టనిది పోయేదేముంది? అయినా నమ్మకం కుదరకపోతే ఇంకో దారి ఉంది. శ్రావణమాసంలో వరలక్ష్మీ వ్రతం నాడో, అక్క పెళ్లినాడో "డేట్" అడ్డొస్తుందని నెలసరిని వెనక్కి జరిపే మాత్రలు తెప్పించి ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్లే. అవీ హార్మోన్లే. వ్రతం కోసం వేసుకుంటే లేని భయం నొప్పి కోసం వేసుకుంటే ఎందుకన్న ప్రశ్న మర్యాదగానే అడగవచ్చు. మా ఇంట్లో ఆ ప్రశ్నకు జవాబు రాలేదు, కానీ గొడవ ఆగింది.

"పిల్లలు పుడితే తగ్గిపోతుంది" అన్నది కూడా వైద్యం కాదు. గర్భంతో ఉన్నన్నాళ్లు కొందరికి ఉపశమనం ఉంటుంది, ఆ తరువాత తిరిగి రావచ్చు. నొప్పికి మందుగా పెళ్లి చేయడం, పెళ్లికి మందుగా బిడ్డను కనమనడం, ఇంతకంటే ఖరీదైన చికిత్స ఏదీ లేదు.

వేడినీళ్ల సంచి, మిగిలిన ఇంటి సంగతులు

వేడి కాపడం నిజంగా పనిచేస్తుంది. అయితే మరిగిన నీళ్లు పోసి, నేరుగా చర్మం మీద, గంటల తరబడి పెట్టుకోకండి. తువ్వాలు చుట్టి, పావుగంట ఇరవై నిమిషాలు పెట్టి తీయాలి. నేను అలా చేయలేదు; ఫలితంగా నా పొత్తికడుపు మీద చేపల వలలాగా గోధుమరంగు గీతలు పడ్డాయి. ఏళ్ల తరబడి వేడి తగిలితే చర్మం అలా మారుతుందట. నాకు జబ్బు పేరు చెప్పిన డాక్టరమ్మ నా కాగితాలు తీయకముందే, పరీక్ష బల్ల మీద ఆ గీతలు చూసి "ఎన్నేళ్లుగా?" అని అడిగారు. కనబడని నొప్పికి నా ఒంటి మీద కనబడిన గుర్తు అదొక్కటే. అయినా ఆ సాక్ష్యం తెచ్చుకోమని ఎవరికీ చెప్పను.

వాము నీళ్లు, జీలకర్ర కషాయం ఉబ్బరానికి హాయినిస్తాయి, నువ్వులుండ మంచి తిండి. వీటిలో దేనికీ మచ్చలను కరిగించే శక్తి లేదు, ఏదీ మానవలసిన పనీ లేదు. "నెలరోజుల్లో గడ్డలు కరిగిస్తాం" అని పొడులు అమ్మేవారికి మాత్రం డబ్బు పోయకండి.

నీరసం గురించి తిండి కంటే ఎక్కువ ఆలోచించాలి. బాగున్న రోజున ఇల్లంతా సర్ది, బట్టలు ఉతికి, స్నేహితురాలి పుట్టినరోజుకు వెళ్లి, ఆ మరుసటి మూడు రోజులు మంచాన పడడం మనందరికీ అలవాటే. పొదుపు చేయవలసింది బాగున్న రోజునే. నేను బట్టల పని ఒక రోజు, వంట పని ఒక రోజు అని విడగొట్టుకున్నాను, ఏ పనికైనా నలభై నిమిషాలకు ఫోన్‌లో అలారం పెట్టుకుని, అలసట రాకముందే కూర్చుంటాను. రాకముందే అన్నది ముఖ్యం. నడక, తేలికపాటి సాగదీతలు నొప్పి లేని రోజుల్లో మేలు చేస్తాయి. కటి కండరాలు బిగుసుకుపోయినవారికి ఆ విషయం తెలిసిన ఫిజియోథెరపిస్టు దొరికితే చాలా తేడా ఉంటుంది.

బస్సు, ఆఫీసు, బీమా

తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. దానితోపాటు రద్దీ కూడా పెరిగింది. ఒకరోజు సీట్లో పొట్ట పట్టుకుని కూర్చున్న నా ఎదుట ఒక పెద్దావిడ నిలబడి, "వయసులో ఉన్నదానివి, లేచి నిలబడితే ఏం పోయింది" అన్నారు. ఆమె మోకాళ్ల నొప్పి కూడా నిజమే. అక్కడ ఎండోమెట్రియోసిస్ గురించి ఉపన్యాసం ఇవ్వడం కుదరదు. "అమ్మా, నాకు కడుపులో జబ్బుంది, నిలబడితే పడిపోతాను" అని మామూలు గొంతుతో ఒకసారి చెప్పి కళ్లు మూసుకోవడం నేర్చుకున్నాను. ఆ రోజు ఆవిడ ఏమీ అనలేదు, వెనుక సీటులోంచి ఒక అబ్బాయి లేచి ఆమెకు చోటిచ్చాడు.

ఆఫీసులో దీనికి పూర్తిగా భిన్నంగా నడుచుకోవాలి. అక్కడ నోటిమాట కాదు, మెయిల్ పనికొస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో ఎండోమెట్రియోసిస్ లేదు కాబట్టి ఆ ధ్రువపత్రం మీద ఆశ పెట్టుకోలేం. డాక్టరు నుంచి "దీర్ఘకాలిక వ్యాధి, చికిత్సలో ఉన్నారు, నెలకు కొన్ని రోజులు తీవ్రమైన నొప్పి ఉండవచ్చు" అన్న ఉత్తరం తీసుకుని, బాగున్న వారంలో, మేనేజరుకు రాయండి. సెలవు అడిగే రోజున, నొప్పిలో ఉండి రాసిన మెయిల్ సంజాయిషీలా ఉంటుంది. ఏం కావాలో సూటిగా అడగండి: నెలకు రెండు రోజులు ఇంటి నుంచి పని, ఆ రోజుల్లో ఉదయం మీటింగులు ఉండకపోవడం, బదులుగా ఫలానా పని ముందే పూర్తిచేసి పెట్టడం. జబ్బు పేరు మేనేజరుకు చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం. హెచ్ఆర్ దగ్గర ఉత్తరం ఉంటే చాలు. బెంగళూరులో పనిచేస్తున్న మనవాళ్లు కర్ణాటక ప్రభుత్వం 2025లో ఆమోదించిన నెలకు ఒకరోజు వేతనంతో కూడిన నెలసరి సెలవు తమ సంస్థలో ఎలా అమలవుతోందో కనుక్కోవాలి.

బీమా విషయంలో తొందరపడాలి. సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాలో ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగవలసి ఉంటుంది. 2024 ఏప్రిల్‌కు ముందు అది 48 నెలలు. గర్భాశయ సంబంధ ఆపరేషన్లకు విడిగా మరో గడువు పెట్టిన పాలసీలూ ఉన్నాయి, ఆ పేజీ వెతికి చదవండి. ఎంత చిన్న వయసులో తీసుకుంటే ఆ గడువు అంత తొందరగా గడుస్తుంది. జబ్బు దాచిపెట్టి తీసుకోవడం తెలివి కాదు, క్లెయిమ్ నాడు పాత స్కాన్ కాగితమే అడ్డం తిరుగుతుంది. కంపెనీ ఇచ్చే గ్రూపు బీమాలో చాలాచోట్ల ఆ నిరీక్షణ ఉండదు కాబట్టి, ఆపరేషన్ ఆలోచన ఉంటే ఉద్యోగం మారకముందే లెక్క చూసుకోండి.

సంబంధాలు

పెళ్లిచూపుల్లో ఈ సంగతి చెప్పాలా? నా అభిప్రాయంలో చెప్పాలి. అయితే మధ్యవర్తికి కాదు, ఫొటోలు చేతులు మారే దశలో కాదు, అబ్బాయితో నేరుగా, తాంబూలాలు పుచ్చుకోకముందు. మధ్యవర్తి ద్వారా వెళ్లిన "కడుపులో ఏదో సమస్య" అన్న మాట మూడో ఇంటికి చేరేసరికి "పిల్లలు పుట్టరట" అవుతుంది. నిజం ఏమిటంటే ఈ జబ్బు ఉన్నవారిలో గర్భం రావడం కొందరికి ఆలస్యం కావచ్చు, కొందరికి చికిత్స కావలసి రావచ్చు, చాలామందికి మామూలుగానే వస్తుంది. "నాకు దీర్ఘకాలిక జబ్బు ఒకటి ఉంది, మందులతో అదుపులో ఉంది, నెలలో కొన్ని రోజులు నేను పనిచేయలేను, పిల్లల విషయంలో డాక్టరు సాయం అవసరం కావచ్చు" అన్న నాలుగు ముక్కలు చాలు. ఆపరేషన్ ఫొటోలు చూపించనక్కరలేదు. అతను ఏం ప్రశ్నలు అడుగుతాడో గమనించండి. "అయితే వంట ఎవరు చేస్తారు" అన్నది మొదటి ప్రశ్న అయితే మీకు కావలసిన సమాచారం దొరికినట్టే.

ఇప్పటికే పెళ్లయినవారు కలయికలో నొప్పిని ఓర్చుకోవడం భార్య ధర్మమని అనుకోకూడదు. అది జబ్బు లక్షణం, దానికి చికిత్స ఉంది, భర్తకు తెలియాలి. తరువాతిసారి డాక్టరు దగ్గరకు అతన్నీ తీసుకెళ్లండి. మనం చెబితే సాకులా వినబడేది తెల్లకోటు వేసుకున్నవారు చెబితే జబ్బులా వినబడుతుంది, ఏం చేస్తాం. ఇంట్లో ఇంకొక్కరిని ఎంచుకుని, అత్తగారో, వదినో, చెల్లెలో, వారికి మాత్రం పూర్తిగా చెప్పండి. మిగిలినవారికి జవాబు చెప్పే పని వారు చూసుకుంటారు.

మనసు ఏళ్ల తరబడి ఈ నొప్పిని, దానిమీద అపనమ్మకాన్ని మోసి మోసి కుంగిపోవడం సహజం. బతుకు మీద విరక్తి వంటి ఆలోచనలు వస్తుంటే టెలీ-మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఆగకూడని వేళలు

నొప్పికి అలవాటుపడినవారికి ఒక ప్రమాదం ఉంది: అలవాటైన నొప్పి కాని దాన్ని కూడా ఓర్చుకుంటారు. ఒక్కసారిగా ఒక పక్కన భరించలేని పోటు మొదలై వాంతులైతే తిత్తి పగలడమో, అండాశయం మెలిపడడమో కావచ్చు. నెల తప్పి, పొత్తికడుపులో నొప్పి, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే నాళంలో గర్భం కావచ్చు. నొప్పితోపాటు జ్వరం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, మూత్రం రాకపోవడం, ఇవేవీ తెల్లవారేదాకా ఆగేవి కావు. 108కి ఫోన్ చేయండి లేదా ఎవరినైనా లేపి దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ఇందుకోసమే ఆ ఒక్క పేజీ సారాంశాన్నీ, చివరి స్కాన్ రిపోర్టునూ, వాడుతున్న మందుల పట్టీనీ ఫొటో తీసి ఫోన్‌లో ఒకచోట ఉంచి, ఇంట్లో మీరు ఎంచుకున్న ఆ ఒక్కరికీ ముందే పంపించి పెట్టండి. ఆ రాత్రి ఫైలు కోసం బీరువా వెతుక్కుంటూ కూర్చోవద్దు.